కీబోర్డుపై గమకము: మిడి నియంత్రణ సంఖ్యల అమరిక

చిత్రావతీ తీరమందలి పరగోడు, దాని తాలూకా కేంద్రమగు బాగేపల్లి, చింతామణి – ఇవి కర్ణాటక రాష్ట్రపు చిక్కబళ్లాపుర జిల్లాలోనివి. ఈ సీమలో బడి చదువు కన్నడమున సాగుచుండగా ఇంటిమాట తెలుగైన కుటుంబములు అనేకములు. అట్టి ఇండ్లలోని పిల్లలకు తెలుగు అక్షరముకంటె ముందుగా తెలుగు పాట చెవిని పడును. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణ యతి, అనగా జనులు భక్తితో పిలుచుకొను కైవార తాతయ్య, రచించిన తెలుగు కీర్తనములు ఈ సీమ సొత్తు. పిల్లలు ఏ వాద్యము వెంట కీర్తనము నేర్తురో ఆ వాద్యపు పలుకే వారి చెవిని దిద్దును. కావున భజనకు కీబోర్డు వాడువారు దాని అమరికను ఎరిగియుండుట అవసరము.

మెట్ల వాద్యములపై ఆక్షేపణ క్రొత్తది కాదు. హార్మోనియము గమకమును పలుకజాలదను వాదము బలపడగా, అఖిల భారత రేడియో 1940లో దానిని నిషేధించెను. 1971లో ఆ నిషేధము కొంత సడలెను. హార్మోనియపు మెట్టు నొక్కిన స్వరము నిలిచినచోటనే నిలుచును. సింథసైజరు జాతి కీబోర్డులలో పెక్కింటికి స్వరమును పైకిని క్రిందికిని వంచు చక్రము గలదు. గమకమునకు ఆధారము ఇదియే. అయితే చక్రమును త్రిప్పినపుడు స్వరమెంత కదలవలెనో ముందుగా నిర్ణయింపవలెను.

ఈ నిర్ణయము మిడి అను విధానమున జరుగును. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకేహాషి మొదలగువారి కృషి ఫలితముగా ఇది 1983లో వాడుకకు వచ్చెను. మిడి తీగలో నాదము ప్రవహింపదు, సంఖ్యలే ప్రవహించును. ఒక తీగపై 16 మార్గములు గలవు. ఒక్కొక్క నియంత్రణకు ఒక సంఖ్యయు, దానికి 0 మొదలు 127 వరకు విలువయు ఉండును. 1వ నియంత్రణ సాధారణముగా స్వరమునకు కంపనమును చేర్చును. 7వది ధ్వని పరిమాణమును నిర్ణయించును. 11వది పాటలోని భావము ననుసరించి ధ్వనిని హెచ్చించి తగ్గించును. వంపు చక్రమునకు మాత్రము ప్రత్యేక సందేశము గలదు. దాని విలువలు 0 నుండి 16383 వరకు. 8192 నడిమి స్థానము.

ఇచట గమనింపదగినది ఒకటి కలదు. ఈ సందేశము చక్రమెంత తిరిగినదో చెప్పునే కాని, స్వరమెంత వంగవలెనో చెప్పదు. ఆ హద్దును సందేశము నందుకొను వాద్యమే తన స్మృతిలో నుంచుకొనును. పెక్కు వాద్యములలో అది పైకి 2, క్రిందికి 2 అర్ధస్వరములు. హద్దు 2గా నున్న వాద్యమున షడ్జమును మ్రోగించి చక్రమును సగము పైకి త్రిప్పిన శుద్ధ రిషభము పలుకును. హద్దు 12గా నున్న వాద్యమున అదే చేష్టకు ప్రతిమధ్యమము పలుకును. వ్రేలు మారలేదు, రాగము మారిపోయినది.

హద్దును సవరించు క్రమము ఇది. కీర్తనము పలుకు మార్గమున 101వ నియంత్రణకు 0, 100వ దానికి 0 పంపవలెను. దీనితో వంపు హద్దు ఎన్నుకొనబడును. పిమ్మట 6వ దానికి కోరిన అర్ధస్వరముల సంఖ్యను, 38వ దానికి 0ను పంపవలెను. తుదకు 101, 100 నియంత్రణలు రెంటికిని 127 పంపి ఆ ఎన్నికను మూసివేయవలెను. మూయనిచో తరువాత పొరపాటున వచ్చిన 6వ నియంత్రణ హద్దును మార్చివేయును.

ఎంత హద్దు తగును? తోడిలోని సాధారణ గాంధారమును పట్టి, హద్దు 2గా నుంచి చక్రమును త్రిప్పినచో పైన శుద్ధ మధ్యమమును, క్రింద శుద్ధ రిషభమును అందుకొనవచ్చును. షడ్జమునుండి పంచమమునకు జారుటకు 7 కావలెను. అయితే హద్దు పెరిగినకొలది చేయి తొట్రుపాటు పెద్దగా వినబడును. కొన్ని చక్రములు ఒక్కొక్క ప్రక్కకు సుమారు 64 మెట్లు మాత్రమే పంపును. అర్ధస్వరమును నూరు సెంట్లుగా విభజించినచో, అట్టి చక్రమున హద్దు 2కు మెట్టొక్కటి సుమారు 3 సెంట్లు. హద్దు 12కు సుమారు 19 సెంట్లు. అప్పుడు జారు మెట్లుమెట్లుగా వినబడును. కనుక నేర్చువారికి 2 మేలు.

మరి రెండు జాగ్రత్తలు గలవు. వంపు సందేశము ఆ మార్గమందలి స్వరములన్నింటిని ఒకేసారి వంచును. అందుచే శ్రుతిని వేరొక మార్గమున నుంచవలెను; లేనిచో గమకముతోపాటు ఆధార షడ్జమును ఊగును. 1వ నియంత్రణను 0గా నుంచవలెను. యంత్రము చేర్చు కంపనము అన్ని స్వరములకును ఒకే తీరున నుండును. గమకము రాగమును బట్టి, స్వరమును బట్టి వేరగును.

పెక్కు వాద్యములు విద్యుత్తు తీసివేయగనే ఈ అమరికను మరచును. కావున దానిని వాద్యమున భద్రపరచుటయో, ప్రతిసారి తిరిగి పంపుటయో చేయవలెను. సరిచూచుట సులభము: షడ్జపు మెట్టు నొక్కి చక్రమును పూర్తిగా పైకి త్రిప్పి వినవలెను, చక్రమును వదలి చతుశ్శ్రుతి రిషభపు మెట్టు నొక్కి వినవలెను. రెండును ఒకటైన హద్దు 2గా నున్నట్లు. ఈ పరీక్షను సంఖ్యలెరుగని బాలుడును చెవితోనే చేయగలడు.