ఉత్తుత్తి అన్నం

వాకిట్లో మూడేళ్ల పాప లక్కపిడతలో ఇసుక పోసి, పుల్లతో కలుపుతోంది. "తాతయ్యా, అన్నం తిను. కాలుతుంది, ఊదుకో!" అంది. తాతయ్య ఊదుకుని, చప్పరించి, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు. పాప చిటికెడు గాలి తీసి గిన్నెలో వేసింది. ఆయన ఇసుకను నిజంగానే నోటి దాకా తీసుకెళ్లబోతే మాత్రం చటుక్కున చెయ్యి పట్టుకుంది. "ఉత్తుత్తినే తాతయ్యా!"

ఎంత చక్కని మాట! ఉత్తుత్తి అబద్ధం కాదు. అబద్ధమాడేవాడు ఎదుటివాళ్లు నమ్మాలని చూస్తాడు. ఉత్తుత్తిలో అది అన్నం కాదని ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ తింటారు.

ఈ వంటలాటకు గుజ్జనగూళ్లని పాత పేరు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులద్ది చేసే బుల్లి గిన్నెలు ఈ ఆటకోసమే.

పిల్లలు దాదాపు ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య ఉత్తుత్తి ఆటలు మొదలుపెడతారు. అరటిపండును ఫోనులా చెవికి పెట్టుకుని "హలో" అనే పిల్లకు అసలు ఫోనేదో, పండేదో తికమక ఎందుకు రాదు? మనస్తత్వవేత్త అలన్ లెస్లీని 1987 నాటికే తొలిచిన ప్రశ్న ఇది. ఉత్తుత్తి సంగతులను మనసు నిజం సంగతులతో కలవనివ్వకుండా విడిగా ఉంచుతుందనీ, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తికి మొలక అక్కడే ఉందనీ ఆయన వాదించారు. ఆయన పిల్లలతో టీ ఆట ఆడించారు. రెండు కప్పుల్లో ఉత్తుత్తి టీ పోసి, ఒకదాన్ని బోర్లించి దులిపి, మళ్లీ నిలబెట్టారు. ఖాళీ కప్పేదని అడిగితే పిల్లలు బోర్లించిన కప్పునే చూపించారు. నిజానికి రెండూ ఖాళీవే!

రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ ఇంకో సంగతి పట్టుకున్నారు. పిల్లాడికి కర్ర గుర్రమవుతుంది గానీ, పోస్టుకార్డు గుర్రమవదు. కాళ్ల మధ్య పెట్టుకుని పరుగెత్తాలంటే కర్రే కావాలి కదా. ఉత్తుత్తికీ ఓ కట్టుబాటుంది. బస్సాటలో కండక్టరైనవాడు టికెట్ కొట్టాల్సిందే, డ్రైవరు సీటు మీద ఎంత మనసున్నా సరే. ఇంట్లో నిమిషం కుదురుగా కూర్చోని పిల్లాడు, బడి ఆటలో టీచరు చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పెద్దవాళ్లు గద్దించినా రాని నిగ్రహం ఆటలో దానంతటదే వస్తుంది.

ఉత్తుత్తి ఆటకు ఖరీదైన బొమ్మలేమీ అక్కర్లేదు. ఓ అట్టపెట్టె, పాత చున్నీ, నాలుగు చింతగింజలు, కాస్త తీరిక చాలు. సాయంత్రం మీ పాప ఖాళీ గ్లాసు చేతికిస్తే, సెల్లు పక్కన పెట్టి తాగండి. చక్కెర చాల్లేదని చెప్పి చూడండి.