కాలు తీసేసినా... కారు ఆగదు!

తడ దాటాక రోడ్డు తిన్నగా సాగిపోతుంది. కుడిచేతి వైపు నుంచి పులికాట్ గాలి. చెన్నైలో పెళ్లి చూసుకుని నెల్లూరు తిరిగొస్తున్న ఓ కుటుంబం. కొత్త కారు, ఐదో గేరు, ఎనభై మీద ముల్లు. స్టీరింగు మీద ఓ మీట నొక్కి, కుర్రాడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. పక్క సీట్లో తండ్రి గుండె జారిపోయింది.

‘ఒరేయ్, కాలు తీసేశావేందిరా! బండెవరు తోల్తుండారు?’

‘అదే పోతాది నాన్నా. క్రూజ్ కంట్రోల్!’

‘గేర్ల బండికి కూడా ఉంటదా అది?’

చాలామందికి వచ్చే అనుమానమే ఇది. క్రూజ్ కంట్రోల్ అంటే ఆటోమేటిక్ కార్ల సొత్తనీ, క్లచ్ ఉన్న బండికి కుదరదనీ అనుకుంటారు. కానీ పెనుకొండ దగ్గర తయారై 2019లో రోడ్డెక్కిన కియా సెల్టోస్‌లో, మాన్యువల్ గేర్లున్న కొన్ని రకాలకూ ఈ సదుపాయం ఇచ్చారు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల ఖరీదైన రకాల్లోనూ ఇప్పుడు కనిపిస్తోంది. ఒకప్పుడు యాక్సిలరేటర్‌ను ఇంజిన్‌కు తీగతో కలిపేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది కాబట్టి, నాలుగు మీటలూ కాస్త ప్రోగ్రామూ చేరిస్తే పని జరిగిపోతుంది.

దీన్ని కనిపెట్టిన మనిషికి చూపు లేదు తెలుసా! అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇంజినీరు రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో కళ్లు పోయాయి. ఆయన్ని కారులో తీసుకెళ్లే లాయరు మిత్రుడికి ఓ అలవాటుండేదట. తాను మాట్లాడుతుంటే వేగం తగ్గించడం, ఎదుటివాళ్లు చెప్పేది వింటుంటే పెంచేయడం. ఆ కుదుపులు భరించలేకే టీటర్ వేగాన్ని నిలకడగా ఉంచే యంత్రం మీద పడ్డాడంటారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రిస్లర్ కంపెనీ దాన్ని తన కార్లలో పెట్టింది.

ఇక మన గేర్ల బండి సంగతి. క్రూజ్ కంట్రోల్‌కు తెలిసిన విద్య ఒక్కటే... యాక్సిలరేటర్‌ను ఎంత తెరవాలో చూసుకోవడం. గేరు మార్చడం దానికి రాదు. చాలా కార్లలో గంటకు 30, 40 కిలోమీటర్లు దాటితేగానీ పనిచేయదు. వేగం అందుకుని, తగిన గేరులో పడ్డాక మీట నొక్కాలి. అక్కణ్నుంచి వేగం తగ్గితే కాస్త ఎక్కువ తెరుస్తుంది, పెరిగితే తగ్గిస్తుంది.

అసలు కిటుకు క్లచ్ దగ్గరుంది. క్రూజ్‌లో వెళ్తూ క్లచ్ తొక్కారనుకోండి. ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు కూడా కంప్యూటరు యాక్సిలరేటర్‌ను పట్టుకునే ఉంటే ఇంజిన్ ఒక్కసారిగా హోరెత్తిపోతుంది. అందుకే క్లచ్ పెడల్ దగ్గర ఓ చిన్న స్విచ్ పెడతారు. పెడల్ కదలగానే అది క్రూజ్‌ను ఆపేస్తుంది. బ్రేక్ తొక్కినా అంతే. గేరు మార్చేంత సేపు మాత్రమే ఆగి, మళ్లీ తనంతట తానే అందుకునే కార్లూ కొన్ని ఉన్నాయి. మీది ఏ రకమో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోంచి బయటికి తీస్తే! బయటి దుకాణాల్లో క్రూజ్ కిట్ బిగించుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ క్లచ్ స్విచ్‌ను సరిగ్గా కలపకపోతే వచ్చేది ఆ హోరే. కంపెనీ వారంటీకీ ఎసరు రావచ్చు.

వంతెన ఎక్కేటప్పుడు ఐదో గేరులో ఇంజిన్ మూలిగితే డ్రైవరే నాలుగులోకి దించాలి. దిగేటప్పుడు మరో చిక్కు. మామూలు క్రూజ్ కంట్రోల్ బ్రేక్ వేయదు. వాలు ఎక్కువైతే బండి పెట్టిన వేగాన్ని దాటిపోతుంది. కాబట్టి తిరుమల ఘాట్ రోడ్డులో దీని జోలికి పోకూడదు. వాన రోడ్డు మీదా అంతే. చక్రాలు నీటి పొర మీద తేలిపోయే క్షణంలో మనిషైతే కాలు తీస్తాడు, యంత్రం ఇంకా వేగం కోసమే చూస్తుంది.

అన్నింటికన్నా మోసం చేసేది ‘రెజ్యూమ్’ మీట. క్రూజ్ ఆగిపోయినా పాత వేగం దానికి గుర్తుంటుంది. హైవేలో తొంభై మీద పెట్టి, బ్రేక్ తొక్కి సూళ్లూరుపేట ఊళ్లోకి దిగారు. మూడో గేరులో నలభై మీద వెళ్తూ పొరపాటున రెజ్యూమ్ నొక్కితే, బండి ఆ తొంభై కోసం అరుస్తూ ఉరుకుతుంది. ఊళ్లోకి దిగేముందు మెయిన్ స్విచ్చే ఆపేయడం క్షేమం.

ఇంతకీ మన రోడ్డు దీనికి పనికొస్తుందా? చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి ఇది, ఒకప్పటి 5వ నంబరు. నాలుగు వరుసల విభజిత రహదారుల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లను గరిష్ఠ పరిమితిగా కేంద్రం 2018లో ప్రకటించింది. రాష్ట్రాలు అంతకన్నా తగ్గించుకోవచ్చు. బోర్డు మీద ఎంత ఉంటే అంతే. వేగం నిలకడగా ఉంటే కెమెరా చలానా భయం తగ్గుతుంది, చదును రోడ్డు మీద ఇంధనమూ కొంత ఆదా అవుతుంది. రోజూ నెల్లూరు నుంచి శ్రీసిటీకి వచ్చిపోయేవారి మోకాలికైతే పెద్ద ఊరట.

కానీ తడ నుంచి నెల్లూరు చేరేలోగా సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం టోల్‌గేట్లు. మధ్యలో ఎదురుగా వచ్చే ట్రాక్టరు, డివైడర్ మీంచి దూకే గేదె, లైట్లు లేకుండా ఆగిన లారీ. ముందు బండిని చూసి తనే వేగం తగ్గించే అడాప్టివ్ రకం మన దగ్గర ఎక్కువగా ఆటోమేటిక్ కార్లకే వస్తోంది. గేర్ల బండిలో చూడాల్సిందీ తొక్కాల్సిందీ డ్రైవరే. కుడికాలు బ్రేక్ పక్కనే ఉండాలి. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఆ అర సెకనే కొంప ముంచుతుంది. నిద్రమత్తుగా ఉంటే మీట ముట్టుకోనే కూడదు. యాక్సిలరేటర్ తొక్కే పనైనా మనిషిని కాస్త మేలుకొలుపుతుంది, అదీ లేకపోతే కునుకే!

ఆ కుర్రాడి క్రూజ్ కూడా ఎక్కువ దూరం సాగలేదు. మళ్లు దాటొచ్చిన గేదెల మంద రోడ్డెక్కింది. బ్రేక్ పడింది, డ్యాష్‌బోర్డు మీద పచ్చ దీపం ఆరిపోయింది. తండ్రి సీటు బెల్టు సర్దుకున్నాడు.

‘ఇంక నువ్వే తోలు నాయనా... నెల్లూరు దాకా!’