మీకు తెలుసా? రెండు పోషకాలు, ఒక పస్తు

లైసిన్, థ్రియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలను కలిపి మోతాదు మించి ఇస్తే వరి, మొక్కజొన్న వంటి ధాన్యపు మొలకల ఎదుగుదల కుంటుపడుతుంది; మిథియోనిన్ అనే మూడోదాన్ని జోడిస్తే మళ్లీ పుంజుకుంటుంది. అంటే అక్కడ జరిగేది విషప్రయోగం కాదు, పస్తు. ఈ మూడింటినీ మొక్క ఆస్పార్టిక్ ఆమ్లం నుంచే తయారుచేసుకుంటుంది. మొదటి రెండూ బయటినుంచి పుష్కలంగా అందగానే, ఆ తయారీలో తొలి మెట్టయిన ఎంజైమ్ ‘ఇక చాలు’ అని ఆగిపోతుంది. దాంతో మిథియోనిన్ తయారీకీ గండి పడుతుంది.

అసలు వేళ్లు అమైనో ఆమ్లాలను నేరుగా పీల్చగలవా అని సందేహించవచ్చు. పీలుస్తాయి, వరి వేళ్లలో ఓఎస్‌ఎల్‌హెచ్‌టీ1 అనే రవాణా ప్రోటీన్ ఉన్నదే అందుకు. అమ్మకానికి వచ్చే అమైనో ఆమ్ల ద్రావణాల్లో చాలావాటిలో ఎన్నో రకాలు కలిసే ఉంటాయి కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే, అక్కడ ఈ బెడద తక్కువ. అలాగని నారుమడిలో యూరియాకు అవి ప్రత్యామ్నాయం కావు: గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంలో నత్రజని 19 శాతం లోపే, యూరియాలో 46. కేంద్రం కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, వీటిని బయోస్టిమ్యులెంట్లనే వేరే వర్గంలో పెట్టింది.