మరిగే నీళ్లు, గుప్పెడు పసుపు

మే నెల మిట్టమధ్యాహ్నం. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే దారిలో బానెట్ ఎత్తి ఆపిన కారు కనబడటం వింతేమీ కాదు. ముందు నుంచి ఆవిరి బుసకొడుతుంటుంది. పక్కన ఒకాయన నీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ మూత వైపు చూస్తూ, తీయాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు. తీయకూడదు. ఎందుకన్నది కాసేపాగి చూద్దాం. ముందు ఆ మూత కిందున్న యంత్రం పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో చక్రాలదాకా చేరేది తక్కువ. సుమారు మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. దాదాపు అంతే వేడిని ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లు మోసుకెళ్లి గాలికి అప్పగించాలి. ఈ మోత ఎక్కడ తెగినా ఇంజన్ నిమిషాల్లో పాడవుతుంది.

మొదటి కారుకు అసలు రేడియేటరే లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్ల దారి. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు మరిగి, ఆవిరై, వేడిని వెంట తీసుకుపోవడమే ఆ బండికి చల్లదనం. పెట్రోలు గొట్టంలో నలక అడ్డుపడితే ఆవిడ టోపీ పిన్నుతో పొడిచి తీసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. నీళ్లకు మాత్రం ఏ చిట్కా పనిచేయలేదు. వాగు కనబడితే వాగు, బావి కనబడితే బావి. ఆగడం, నింపుకోవడం, మళ్లీ కదలడం.

ఆ ఆగడాన్ని మాన్పించినవాడు విల్హెల్మ్ మేబాఖ్. 1900 చివర్లో తయారైన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు ఆయన తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. అందులో 8,070 సన్నని చదరపు గొట్టాలు, ఒక్కోటి ఆరు మిల్లీమీటర్ల వెడల్పు. గాలి ఆ గొట్టాల్లోంచి దూసుకుపోతుంటే వాటి మధ్య సందుల్లో నీళ్లు చల్లబడేవి. అంతకుముందు 18 లీటర్లు కావాల్సిన చోట 9 లీటర్లు సరిపోయాయి. అద్భుతమే. కాకపోతే అన్ని గొట్టాలంటే అన్నేసి టంకం అతుకులు. చల్లబరిచే శక్తీ, కారే గుణమూ ఆ రోజే కవలల్లా పుట్టాయి.

రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉన్నన్నాళ్లూ కారడం పెద్ద బెంగ కాదు. ఇత్తడి బిందెకు మాటు వేసే విద్యే రేడియేటర్‌కూ పనికొచ్చేది. అంబాసిడర్ల కాలంలో రేడియేటర్ షాపు అంటే ఒక తొట్టి నీళ్లు, ఒక మంట, ఒక సీసం కడ్డీ. నీళ్లలో ముంచి గాలి ఊదితే బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ చిల్లు.

షాపు లేని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు అందరికంటే తెలివైన జవాబు చెప్పింది, నా లెక్కలో, రాల్ఫ్ బాగ్నల్డ్. ఈ బ్రిటిష్ సైనికాధికారి 1920లలో ఈజిప్టు నుంచి ఫోర్డ్ కార్లలో లిబియా ఎడారిలోకి వెళ్లేవాడు. ఇసుకలో బండి తిణుక్కుంటూ కదులుతుంది, రేడియేటర్ మరుగుతుంది, నీళ్లు ఆవిరై పోతాయి. ఎడారిలో పోయిన నీళ్లు మనుషులు తాగాల్సినవే. బాగ్నల్డ్ బృందం ఆవిరి బయటికి పోయే దారి మూసేసి, రేడియేటర్ పైభాగం నుంచి ఒక గొట్టం తీసి రన్నింగ్ బోర్డు మీద బిగించిన డబ్బాలోకి దించింది. డబ్బాలో కొంచెం నీళ్లు. ఆవిరి ఆ నీళ్లలోకి దూరి తానూ నీళ్లయ్యేది. డబ్బా కూడా మరగడం మొదలైతే బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపేవాళ్లు. కాసేపటికి రేడియేటర్ చల్లబడేది, లోపల ఆవిరి కుంచించుకుపోయేది, ఆ వెలితి డబ్బాలోని నీళ్లను గుటగుటమని వెనక్కి లాగేసుకునేది. చుక్క వృథా కాదు. 1940లో ఆయన స్థాపించిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ లారీలకూ ఇదే ఏర్పాటు. ఇప్పటి చాలా కార్లలో బానెట్ కింద కనబడే కూలెంట్ ప్లాస్టిక్ డబ్బా చేసేది అచ్చం ఈ పనే.

ఇక మన వైపు ప్రసిద్ధమైన చిట్కాకు వద్దాం: పసుపు. చిన్న చిల్లు పడితే డ్రైవర్లు రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోస్తారు. మరికొన్ని దేశాల్లో మిరియాల పొడి, ఆవపిండి, చివరికి కోడిగుడ్డు తెల్లసొన. నవ్వొచ్చినా వెనక లెక్క ఉంది. కారే చోటికి నీళ్లు ఒత్తిడితో పరుగెడతాయి, పొడిని కూడా లాక్కెళతాయి. కరగని రేణువులు చిల్లు అంచుల్లో ఇరుక్కుంటాయి. పసుపు కొమ్ములో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి వేడికి ఉబ్బి ముద్దవుతుంది. తెల్లసొన అయితే 80 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది, రేడియేటర్‌లో నీళ్లు అంతకంటే వేడిగానే ఉంటాయి. సూది మొనంత చిల్లుకు ఇది చాలు. పగిలిన గొట్టానికి పది కిలోల పసుపు పోసినా దండగ.

దీన్ని మోటు వైద్యమని కొట్టిపారేసే ముందు నాటిలస్ సంగతి వినాలి. 1958లో ఉత్తర ధ్రువం కిందుగా వెళ్లడానికి సిద్ధమవుతున్న ఈ అమెరికన్ అణు జలాంతర్గామికి ఆవిరి కండెన్సర్‌లో లీకు. నిపుణులు వెతికినా చిల్లు దొరకలేదు. సిబ్బంది మామూలు బట్టలేసుకుని సియాటిల్ పెట్రోలు బంకుల మీద పడి, కార్ల రేడియేటర్లలో పోసే లీకు మందు డబ్బాలు 140 కొనుక్కొచ్చారు. పోశారు, లీకు ఆగింది. ఆగస్టు 3న నాటిలస్ ధ్రువం దాటింది.

ఘాట్ మీద ఆగిన కారుకు మళ్లీ వద్దాం. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, కుక్కర్ వెయిట్ లాంటిది. లోపల సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. దాంతో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ స్థితిలో మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి నీళ్లు మరిగిపోతూ ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంట ఆగాలి. పై హోస్ పైపు చేత్తో పట్టుకుంటే కాలకూడదు. అప్పుడు మందపాటి గుడ్డ వేసి మూతను మొదటి గంటు దాకా తిప్పి, బుస ఆగాక తీయాలి. చన్నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే వేడి ఇనుము చిట్లుతుంది. కొద్దికొద్దిగా పోయాలి.

పైపు చీలిందా? తుడిచి ఆరబెట్టి, పాత సైకిల్ ట్యూబు పేలిక సాగదీసి చుట్టి, రెండు కొసలా తీగ బిగిస్తే ఊరు చేరుస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు బీటలు వారితే టంకం అంటదు, గరుకు కాగితంతో రుద్ది ఎం-సీల్ పెట్టి గట్టిపడేదాకా ఓపిక పట్టాలి. తర్వాత మూతను పూర్తిగా బిగించకుండా మొదటి గంటులోనే వదిలేస్తే ఒత్తిడి పెరగదు, అతుకు నిలుస్తుంది. దానికి బదులు నీళ్లు తొందరగా మరుగుతాయి, కాబట్టి బండి మెల్లగా నడపాలి. ఏసీ ఆపి హీటర్ పూర్తిగా వేయాలి. మే నెలలో హీటరేమిటి, మతి పోయిందా అంటారు. అది కూడా ఒక బుల్లి రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాగి మన ఒంటికి తగిలిస్తుంది. చెమట మనది, ప్రాణం ఇంజన్‌ది.

కొండ దిగి షాపు చేరాక మెకానిక్ కింది పైపు ఊడదీస్తాడు. పాత రోజుల్లో పసుపు నీళ్లు ధారగా వచ్చేవి, రేడియేటర్‌ను రెండుసార్లు కడిగితే సరిపోయేది. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లలో నీటిదారులు మరీ సన్నవి. చిల్లు మూసిన పసుపే వాటినీ మూసేస్తుంది. ‘పసుపు పోశావా అన్నా?’ అని అడుగుతూనే అతను కొత్త రేడియేటర్ రేటు చెప్పడం మొదలుపెడతాడు.