నమాజు ఉండగా వ్యాయామం ఎందుకు?

రోజుకు ఐదు పూటలా నమాజు చేసేవారికి వేరే వ్యాయామం అక్కర్లేదన్న మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంటుంది. నిలబడటం, వంగటం, సజ్దా చేయటం, కూర్చోవటం అన్నీ అందులోనే ఉన్నాయి కదా అన్నది వారి వాదన. సదుద్దేశంతోనే అంటారు. కాని ఈ వాదన ఆరాధనకూ న్యాయం చేయదు, దేహానికీ న్యాయం చేయదని మా అభిప్రాయం.

1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో ఆరోగ్య పరిరక్షణను వివరిస్తూ వ్యాయామాన్ని ముందు ఉంచాడు. ఆహారం, నిద్ర ఆ తర్వాతే. మనిషి తన ఇష్టంతో చేసేదై, లోతైన శ్వాసను వెంటవెంటనే తీసుకోక తప్పని స్థితికి తెచ్చే కదలికే వ్యాయామమని ఆయన నిర్వచనం. నేటి శాస్త్రజ్ఞులు సామాన్యులకు చెప్పే కొలతా ఇంచుమించు అదే. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థాయి శ్రమ. నమాజుకైతే నెమ్మదితనమే ప్రాణం. రుకూలో, సజ్దాలో అవయవాలు కుదుటపడేదాకా ఆగాలి. జమాఅత్ మొదలైందని తెలిసినా పరుగెత్తకుండా నిదానంగా రావాలని దైవప్రవక్త (స) బోధించారు. ఒగర్చుతూ చేసే పని కాదది. దానివల్ల కీళ్ళకు మేలు కలిగితే అల్లాహ్ అనుగ్రహమే. నమాజు ఉద్దేశం మాత్రం అది కాదు.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. శ్రమించే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోనికి తీసుకోగలదు. మధుమేహం ఉన్నవారిని నడవమనటానికి ఇదొక కారణం. ఎముక భారం పడినప్పుడే గట్టిపడుతుంది. ఆ గట్టిదనం చాలావరకు బాల్య యౌవనాల్లోనే సమకూరుతుంది.

కూర్చుని చేసే పని గుండెకు ఎంత చేటో 1953లో జెర్రీ మారిస్ బృందం ‘లాన్సెట్’ పత్రికలో చూపింది. వారు పరిశీలించింది లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని. హైదరాబాద్ పెద్దలకు ఆ బస్సులు పరిచయమే. డ్రైవరు రోజంతా సీటులోనే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజుకు 500కు పైగా మెట్లు ఎక్కుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ. వచ్చినా తీవ్రత తక్కువ. డ్రైవర్ల లావే దీనికి కారణమా అన్న సందేహంతో మారిస్ వారి యూనిఫారాల నడుము కొలతలు కూడా తెప్పించి చూశాడు. సన్నవారిలోనూ లావువారిలోనూ ఆ తేడా కనిపించింది. ఆయన 99 ఏళ్ళు జీవించాడు.

ఆ డ్రైవరు సీటు గురించి చదివినప్పుడు మాకు రిహల్ ముందు కూర్చున్న హిఫ్జ్ విద్యార్థి గుర్తుకు వస్తాడు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాఠశాలల పరిస్థితీ మెరుగ్గా లేదు. 2016 నాటి ప్రపంచ గణాంకాల ప్రకారం 11 నుంచి 17 ఏళ్ళ విద్యార్థుల్లో 100కి 81 మందికి ఆ శ్రమ లేదు. బాలికల్లోనైతే 85 మందికి. “మౌలానా, పిల్లవాణ్ణి చదువుకు పంపామా, ఆటలకా?” అని అడిగే తండ్రులున్నారు. బలహీనుని కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడన్న హదీసు మేము బోధించేదే. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుగా గడుపుతున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర)కు, ఆయన దేహానికీ ఆయనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) గుర్తుచేసిన సంగతీ బోధిస్తాము. ఆ పాఠం చెప్పి, విన్న పిల్లవాణ్ణి పొద్దస్తమానం కదలనివ్వకపోతే ఎలా?

ఆడపిల్లల విషయం మరీ బాధాకరం. పదేళ్ళు దాటగానే తాడాట, తొక్కుడుబిళ్ళ మాన్పిస్తారు. కారణం పర్దా అంటారు. హజ్రత్ ఆయిషా (ర) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేశాక మళ్ళీ పందెం వేస్తే ఆయన గెలిచి, పాత లెక్క తీరిందన్నారు. సహచరులను ముందు సాగిపొమ్మన్న తర్వాతే పరుగెత్తారని ముస్నద్ అహ్మద్ ఉల్లేఖనంలో ఉంది. పరుగూ ఆగలేదు, పర్దా కూడా చెడలేదు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు చాలు; అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పిట్టగోడ ఉన్న మేడపై తల్లీకూతుళ్ళు వేగంగా నడవవచ్చు. మస్జిదు దగ్గరలోనే ఉంటే స్కూటరు ఇంట్లోనే ఉండనివ్వండి. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ముందు వైద్యుణ్ణి అడగాలి. మా మదర్సాలో అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా పుస్తకం తెరవనివ్వము. పిల్లలు కబడ్డీ ఆడతారు, మేము ప్రాంగణం చుట్టూ నడుస్తాము. ఆ వేళ ఎవరైనా సబఖ్ అప్పజెప్పటానికి వస్తే మగ్రిబ్ తర్వాత రమ్మంటాము.