పెన్ డ్రైవ్ మొరాయిస్తే?

పిల్లలూ! పెన్ డ్రైవ్‌ను మీరంతా ఎరుగుదురు. వేలెడంత లేని ఆ వస్తువులో వందల పుస్తకాలు ఇముడుతాయి. కాని అది మొరాయించినప్పుడు ఏం చెయ్యాలో మీకు తెలుసా?

మొన్న మా పొరుగింటి కుర్రవాడు బిక్కమొహం వేసుకుని వచ్చాడు.

"మాస్టారూ! ఇందులో మా నాయనమ్మ చెప్పిన కథలు అయిదు ఉన్నాయి. నాయనమ్మ కిందటేడు పోయింది. రికార్డు చేసిన ఫోను కూడా పాడయింది. దీన్ని కంప్యూటరుకు పెడితే ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. ఇప్పుడేమో 'ఫార్మాట్ చెయ్యమంటారా?' అని అడుగుతున్నది," అన్నాడు.

"ఏరా, చెయ్యమన్నావా?"

"లేదండీ, భయం వేసింది."

"మంచి పని చేశావు!" అన్నాను.

ఎందుకంటే, ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక ఒకటి పెన్ డ్రైవ్‌లో ఉంటుంది. అది బడిలో హాజరు పట్టీ వంటిది. ఫార్మాట్ చేస్తే ఆ పట్టీ పోయి ఖాళీ పట్టీ వస్తుంది. ఆ తరువాత ఫైళ్ళను వెతికి తీయడం చాలా కష్టం. కావలసినవి లోపల ఉండగా ఫార్మాట్‌కు ఒప్పుకోకూడదు.

పెన్ డ్రైవ్‌లో తిరిగే చక్రాలేవీ లేవు. ఉన్నది ఒక సిలికాన్ చిప్పు. అందులో కోట్లకొద్దీ గదులు. ఆ గదులలో బంధించిన ఎలక్ట్రాన్లే మన అక్షరాలు, పాటలు, బొమ్మలు. కరెంటు లేకపోయినా అవి పారిపోకుండా సన్నని గోడ కాపలా కాస్తుంది. ఈ జ్ఞాపకాన్ని కనిపెట్టినవాడు జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా. 1984లో దాన్ని లోకానికి తెలియజేశాడు. రాసింది ఒక్కసారిగా చెరిగిపోవడం చూస్తే కెమెరా ఫ్లాష్ గుర్తుకు వస్తున్నదని ఆయన సహోద్యోగి అనడంతో, దానికి ఫ్లాష్ అన్న పేరు వచ్చింది. 2000లో పెన్ డ్రైవ్‌లు అంగళ్ళకు వచ్చాయి.

రాసి చెరిపినప్పుడల్లా ఆ గోడ కొంచెం అరుగుతుంది. ఏళ్ళ తరబడి మూల పడేస్తే ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోవచ్చు. కనుక పెన్ డ్రైవ్‌కూ ముసలితనం ఉన్నది.

అయితే జబ్బు ప్రతిసారీ పెన్ డ్రైవ్‌దే కాదు. వైద్యుడిలాగా ఒక్కొక్క కారణాన్నే పరీక్షించాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దోషం ఎక్కడిదో తెలియదు.

మొదట దాని మూతిమీద దుమ్ము ఉంటే పొడిగుడ్డతో తుడవండి. తరువాత పోర్టు మార్చండి. మధ్యలో పొడుగు వైరు ఉంటే తీసివేయండి. పెద్ద కంప్యూటరయితే వెనక పోర్టులో పెట్టండి. అప్పటికీ కుదరకపోతే మరో కంప్యూటరులో చూడండి. అన్నిచోట్లా మొరాయిస్తే దోషం పెన్ డ్రైవ్‌దే.

మా కుర్రవాడు వైరు ద్వారా పెడుతున్నాడు. వైరు తీసి వెనక పోర్టులో పెట్టగానే తెరుచుకున్నది! వెంటనే ఫైళ్ళన్నీ కంప్యూటరులోకి ఎక్కించాము. పెన్ డ్రైవ్ తెరుచుకోగానే మీరూ ముందు ఈ పనే చెయ్యాలి; మరమ్మతులు ఆ తరువాత. తప్పులు దిద్దే పరీక్షలూ, ఫార్మాటూ అప్పుడు చేసుకోవచ్చు. ఆ పైన కూడా తప్పులు వస్తే దాన్ని నమ్మవద్దు.

నాలుగు కథలు చక్కగా వినిపించాయి. అయిదోది సగంలో ఆగిపోయింది. "ఎక్కడం పూర్తికాకముందే లాగేశానండీ," అని ఒప్పుకున్నాడు. రాత జరుగుతూండగా లాగితే ఫైలు సగమే ఉంటుంది. ఒక్కొక్కప్పుడు పట్టికే చెడుతుంది. అందుకే 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చునని చెప్పిన తరువాతనే తీయాలి.

ఆ కథ చివరిభాగం వాళ్ళ నాన్నగారికి జ్ఞాపకం ఉన్నది. ఆయన చెబుతూండగా రికార్డు చేసి, ఈసారి అయిదు కథలనూ రెండు చోట్ల దాచారు.

పెన్ డ్రైవ్ మోసుకుపోయే సంచి మాత్రమే. దాచుకునే భోషాణం కాదు. మళ్ళీ దొరకనివి మీ పెన్ డ్రైవ్‌లో ఏమున్నాయో ఈ రోజే చూసి, రెండో నకలు తీసి పెట్టుకోండి.