అధ్యాపకుల చర్చా బృందం

'''అధ్యాపకుల చర్చా బృందం''' అనగా ఒక కళాశాలలోని అధ్యాపకులు తమ బోధనలోని లోటుపాట్లను, విద్యార్థుల ఇబ్బందులను పరస్పరం చర్చించుకొనుటకు ఏర్పరచుకొను చిన్న సమావేశము. ఇది తనిఖీ కాదు. ఇందులో ప్రిన్సిపాలు కూర్చున్నా ఒక అధ్యాపకునిగానే కూర్చోవలెను.

== నేపథ్యం ==
హైదరాబాదులో ఇటువంటి చర్చకు పాత ఉదాహరణ దారుల్ తర్జుమా. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి (1918) ఉర్దూ పాఠ్యపుస్తకాలు సమకూర్చుటకు 1917లో ఏర్పడిన ఈ అనువాద సంస్థలో, శాస్త్రజ్ఞులు, భాషావేత్తలు కలిసి ఒక్కొక్క పారిభాషిక పదాన్ని చర్చించి నిర్ణయించేవారు. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా, 1987 నుండి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. అయితే కొన్ని వారాల శిక్షణ ముగిశాక, సొంత తరగతిలోని చిక్కులకు సహోద్యోగులే దిక్కు.

== పాతబస్తీ పరిస్థితి ==
మూసీ దక్షిణపు ఒడ్డున హైకోర్టు పక్కనున్న ప్రభుత్వ సిటీ కళాశాల, హుసేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల పాతబస్తీలోని ముఖ్య విద్యాసంస్థలు. ఈ ప్రాంతంలో ఉర్దూ లేక తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు మాధ్యమానికి మారే విద్యార్థులు కలరు. విషయం తెలిసీ ఇంగ్లీషులో వ్రాయలేనివారికీ, విషయమే తెలియనివారికీ ఒకే మార్కు పడుతుంది. ఒంటరిగా దిద్దే అధ్యాపకునికి ఈ తేడా కనిపించదు. కామర్సు, ఇంగ్లీషు అధ్యాపకులు ఒకే విద్యార్థి జవాబు పత్రాలను పక్కపక్కన పెట్టి చూచినపుడు బయటపడుతుంది. అప్పుడు పాఠానికి ముందే పారిభాషిక పదాలను మాతృభాషలో వివరించుట, మొదటి పరీక్షలో నోటితో జవాబు చెప్పనిచ్చుట వంటి మార్పులు చేయవచ్చును.

తరచు గైరుహాజరయ్యేవారి విషయమూ ఇంతే. కారణం ఇంటి పనియో, కూలి పనియో, బస్సు ఛార్జీయో ఎవరో ఒక అధ్యాపకునికి తెలిసే ఉంటుంది. అట్టి కుటుంబ విషయాలను మినిట్స్ పుస్తకంలో వ్రాయరాదు.

== పరిమితులు ==
నాక్ 2017లో సవరించిన మూల్యాంకన విధానంలో బోధన, విద్యార్థి సహాయం రెండూ ప్రమాణాలుగా ఉండినవి. దీనివలన బృందాలకు గుర్తింపు దొరికినా, ఫైలు కోసమే సమావేశం జరిపే అలవాటుకూ అవకాశం ఏర్పడింది. సంతకాలు నిండుగా ఉండి, క్రిందటి సమావేశంలో అనుకున్న మార్పు జరిగినదా అన్న ప్రశ్న లేని పుస్తకాన్ని బట్టి దీనిని గుర్తించవచ్చును.